పాఠశాలల పొత్తు

ఒంటెద్దు గల రైతు దుక్కి దున్నలేడు. అట్టి రైతులిరువురు పొత్తు కుదుర్చుకొని, ఒకనాడు ఒకని చేనును, మఱునాడు రెండవవాని చేనును దున్నుకొనుట తెలుగు పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఇందులో దానము లేదు, దయ లేదు. ఇరువురకును లాభమే కలదు. పొత్తు కుదిరినంతమాత్రమున ఎవని ఎద్దు వానిది కాకపోదు. ఎవని చేను వానిది కాకపోదు.

చెఱువు క్రింది సాగు ఇంకను పెద్ద పొత్తు. ఆయకట్టు రైతులందఱును ఒకే నీటిని పంచుకొందురు. ఆ పంపకము తగవు లేక సాగుటకు మన పెద్దలు మూడు ఏర్పాట్లు చేసిరి. వంతు ప్రకారము తూములు విప్పుటకు నీరుగంటి యను మనిషి. అతని శ్రమకు కళ్ళములో కొలిచి యిచ్చు మేర. ఏ మడి యెంత, ఎవరి వంతు ఎప్పుడు అను లెక్క. మనిషి, మేర, లెక్క: ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను నీరు పై మళ్ళకే పాఱును, దిగువ మళ్ళు ఎండును.

ఊరి బడియు ఇట్టిదే. చిన్న పల్లెలోని బడికి ఇద్దఱు ఉపాధ్యాయులుందురు; ఒక్కొక్కచోట ఒక్కరే యుందురు. ప్రయోగశాల యుండదు, పుస్తకముల బీరువా యుండదు, ఆటలు నేర్పువారు, బొమ్మలు గీయుట నేర్పువారు ఉండరు. ఇవన్నియు ప్రతి పల్లెకును విడివిడిగా సమకూర్చుట ఏ ప్రభుత్వమునకును సులభము కాదు. కావున ఇరుగుపొరుగు బడులు పొత్తు కూడి, ఒకచోటనున్న వసతిని పదిచోట్ల వాడుకొనవలెనను తలంపు పుట్టెను. ఆ తలంపు మన దేశమున ఎట్లు పుట్టినదో, ఎన్నిసార్లు కాగితముమీద మొలచి నేలమీద ఎండినదో, ఎందువలన ఎండినదో తెలిసికొనుట గ్రంథాలయమును నిలుపుకొన్న యే గ్రామమునకైనను ప్రయోజనకరము.

మన్రో దొర లెక్కలు

1822 జూను 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, ప్రతి కలెక్టరును తన జిల్లాలోని బడుల లెక్కను పంపవలెనని కోరెను. వచ్చిన జాబితాలను కూడగా, 1,28,50,941 మంది జనమునకు 12,498 బడులున్నట్లు తేలెను. అప్పుడు అనంతపురము సీమ కూడ చేరియున్న బళ్ళారి జిల్లానుండి 1823లో కలెక్టరు కాంప్‌బెల్ వ్రాసిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు కనబడుదురు. ఆ బడులలో 226 తెలుగువి, 235 కన్నడమువి. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట మొదలుకొని అచటి చదువు ఎట్లు సాగెడిదో ఆయన వివరముగా వ్రాసెను.

ఆ వీధిబడులలో ప్రతి యొక్కటియు ఒంటిగానే బ్రదికెను. పంతులుగారికి పిల్లల తల్లిదండ్రులిచ్చు జీతమే యాధారము. పంట పండిన యేట బడి కళకళలాడును. పండని యేట పిల్లలు పొలమునకు పోవుదురు, పంతులుగారు పస్తుండును. ఒక బడి కష్టము మఱియొక బడికి తెలియు మార్గము లేదు.

1826 మార్చి 10వ తేదీన మన్రో ఒక ప్రణాళికను సిద్ధపఱచెను. కలెక్టరు జిల్లాలన్నిటిలో కలిపి 40 పెద్ద పాఠశాలలు, తహసీలుదారుల తాలూకాలలో 300 పాఠశాలలు స్థాపింపవలెననియు, కలెక్టరు జిల్లా పాఠశాలల ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, తాలూకా పాఠశాలల వానికి 9 రూపాయలు ఇయ్యవలెననియు అందులో నుండెను. జిల్లాకొక కేంద్రము, తాలూకాకొక కేంద్రము అను ఈ ఏర్పాటు మన ప్రాంతమున విద్యకు సంబంధించిన తొలి ప్రాంతీయ ప్రణాళికలలో నొకటి యని చెప్పవచ్చును. కాని 1827 జూలై 6వ తేదీన మన్రో పత్తికొండలో కలరా సోకి మరణించెను. 1836లో ఆ పాఠశాలలు రద్దయ్యెను. మనిషి పోయెను, వానితో మేరయు పోయెను. చుట్టునున్న వీధిబడులు ఎప్పటివలెనే ఒంటిగా మిగిలెను.

పన్నులు, కౌన్సిళ్ళు, కమిటీలు

తరువాతి కాలమున 1871 నాటి స్థానిక నిధుల చట్టము బడులకు స్థానికముగా ధనము సమకూర్చు మార్గమును చూపెను. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము జిల్లాకొక విద్యా కౌన్సిలును ఏర్పఱచి, విద్యకై ప్రత్యేకముగా పన్ను వేసికొను వీలును కల్పించెను. అయినను బడికిని బడికిని నడుమ పొత్తు అను మాట ఇంకను పుట్టలేదు. బడులు పెరిగెను, ఒంటితనము తగ్గలేదు.

1929లో హార్టాగ్ కమిటీ తన నివేదిక నిచ్చెను. బడిలో చేరిన పిల్లలలో పెక్కుమంది నాలుగవ తరగతి చేరకమునుపే మానివేయుచున్నారనియు, బడుల సంఖ్యను పెంచుటకన్న ఉన్నవానిని గట్టిపఱచుట మేలనియు ఆ కమిటీ తలంచెను. ఈ వాదములో సత్యము లేకపోలేదు. కాని ఇందులోనే ఒక అపాయమును దాగియున్నది. గట్టిపఱచుట యనగా చిన్న బడికి తోడు నిచ్చుట కావచ్చును. చిన్న బడిని మూసివేయుటయు కావచ్చును. ఆనాటినుండి నేటివరకు ఈ రెండర్థముల నడుమనే మన విద్యాచరిత్ర ఊగుచున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1957 మార్చి 31వ తేదీని ప్రమాణముగా గొని మొదటి అఖిల భారత విద్యా సర్వేక్షణ జరిగెను. ఊరిని మాత్రమే గాక ఊరిలోని ప్రతి శివారును, ప్రతి గూడెమును లెక్కించి, ఎచట విడిగా బడి యుండవలెను, ఎచట నాలుగు పల్లెలు కలిసి ఒక బడి నుంచుకొనవలెను, ఎచట ఉపాధ్యాయుడే పల్లెనుండి పల్లెకు తిరిగి చెప్పవలెను అని ఆ సర్వేక్షణ విభజించెను. ఊళ్ళ పటము ముందఱ పెట్టుకొని బడులను గూర్చి యాలోచించుట దేశమంతటను అప్పుడే మొదలయ్యెను. 1959 నవంబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోనికి వచ్చెను. ప్రాథమిక పాఠశాలలు సమితికిని, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకును చెందెను. ఒకే ఊరిలో ఒకే గోడ కటునిటు నున్న రెండు బడులకు ఇద్దఱు యజమానులైరి.

పుస్తకము నడచివచ్చిన దారి

బడులు నేర్వని పొత్తును గ్రంథాలయములు అంతకుముందే నేర్చెను. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపితమయ్యెను. అయ్యంకి వేంకట రమణయ్యగారు ఊరూర నున్న గ్రంథాలయములను ఒక్క త్రాట కట్టుటకు పాటుపడిరి. 1931లో తమిళ దేశమున మన్నారుగుడి చుట్టుపట్ల ఎడ్లబండి పుస్తకములను మోసికొని పల్లెలకు పోయెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాతీరమున పెదపులివఱ్ఱు ప్రాంతపు కాలువలమీద పడవ గ్రంథాలయమును నడిపిరి.

ఇందులోని కిటుకు చిన్నది. పది ఊళ్ళకు పది గ్రంథాలయములు కట్టుటకు ధనము లేనపుడు, ఒకే పుస్తకమును పది ఊళ్ళకు త్రిప్పిరి. ఊరిజనమును పుస్తకము దగ్గఱకు తఱుముటకు మాఱు పుస్తకమునే ఊరికి నడిపిరి. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము వచ్చి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును విధించి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు దానిని ఆదాయముగా చూపెను. మనిషి కుదిరెను, మేర కుదిరెను, లెక్కయు కుదిరెను. స్థానిక సంస్థలు వసూలుచేసిన సుంకమును గ్రంథాలయ సంస్థకు జమకట్టుటలో జాగు చేయుచున్న మాటయు నిజమే. కాని రావలసిన బాకీ యిది యని వ్రేలుపెట్టి చూపుటకు ఒక పద్దు కలదు. పద్దు లేని బాకీని ఎవరు అడుగుదురు?

కొఠారీ కమిషను చెప్పిన మాట

1964 జూలై 14వ తేదీన భారత ప్రభుత్వము ఆచార్య దౌలత్ సింగ్ కొఠారీగారి అధ్యక్షతను విద్యా కమిషనును నియమించెను. అధ్యక్షునితో కలిపి సభ్యులు 17 మంది. జె. పి. నాయక్‌గారు సభ్యకార్యదర్శి. ఆయన మహారాష్ట్రమున కొల్హాపూరు జిల్లాలోని గార్గోటి యను పల్లెలో మౌనీ విద్యాపీఠమును స్థాపించి, గ్రామీణ విద్యయందలి సాధక బాధకములను చేతులారా ఎఱిగినవారు. 1966 జూను 29వ తేదీన కమిషను నివేదిక నిచ్చెను. పాఠశాలా సముదాయము అను ఆలోచన అందులో తేటతెల్లముగా వ్రాయబడెను.

దాని స్వరూపమిది. ఒక ప్రాథమికోన్నత పాఠశాల చుట్టునున్న ఎనిమిది, పది ప్రాథమిక పాఠశాలలు దానితో జతపడును. అట్టి కూటములన్నియు ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాలతో కలిసి ఒక సముదాయమగును. ప్రధానోపాధ్యాయులందఱును కలిసి కూర్చుండి ఏడాది పనిని నిర్ణయించుకొందురు. ప్రతి చిన్న బడికిని కొనియీయజాలని వస్తువులను ఉన్నత పాఠశాలయందుంచి చుట్టు త్రిప్పవలెను. సినిమా చూపు యంత్రమును, దానిని నడుపుటకు విద్యుత్తు పుట్టించు చిన్న యంత్రమును బడినుండి బడికి పంపవలెను. పుస్తకముల పెట్టెలు తిరుగవలెను. సెలవుదినములలో పల్లెబడి పిల్లలను ఉన్నత పాఠశాల ప్రయోగశాలకు తీసికొనివచ్చి ప్రయోగములు చూపవలెను. వ్యాయామము, చిత్రలేఖనము నేర్పువారు ఒకే బడికి కట్టుబడక అన్ని బడులకును పోవలెను. ఒక బడిలోని ఉపాధ్యాయుడు సెలవు పెట్టినపుడు పెద్ద బడిలోని అదనపు ఉపాధ్యాయుడు వచ్చి ఆ లోటు తీర్పవలెను.

ఇందులో ఏ యొక్క బడియు మూతపడదని గమనింపవలెను. ప్రతి బడియు తన యూరిలోనే యుండును; దాని ఒంటితనము మాత్రము పోవును. ఒంటెద్దు రైతుల పొత్తు ఎట్టిదో ఇదియు నట్టిదే.

కాగితమునుండి నేలకు

1986 జాతీయ విద్యావిధానమును అనుసరించి 1987లో నల్లబల్ల పథకము అమలులోనికి వచ్చెను. ప్రతి ప్రాథమిక పాఠశాలకును రెండు గదులు, ఇద్దఱు ఉపాధ్యాయులు, బోధనకు కావలసిన పరికరములు సమకూర్పవలెనని సంకల్పించిరి. ఆ కాలముననే బ్రిటిషు ప్రభుత్వపు ధనసహాయముతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రములను నెలకొల్పెను. పలు బడుల ఉపాధ్యాయులు ఒకచోట చేరి, తాము చెప్పు పాఠములను ఒకరికొకరు చూపుకొనుట పెక్కు పల్లెలలో అప్పుడు మొదలయ్యెను. 2001లో సర్వశిక్షా అభియాను వచ్చిన పిదప మండల వనరుల కేంద్రములు, పాఠశాలా సముదాయ కేంద్రములు స్థిరపడెను. తెలుగు రాష్ట్రములు రెంటను సముదాయ సమావేశము అను మాట ఉపాధ్యాయులందఱకును పరిచితమే.

సమావేశములు జరిగెను, వస్తువులు మాత్రము కదలలేదు. కారణము సామాన్యమైనది. ప్రతి వస్తువును సరకుల రిజిష్టరులో ఒక బడి పేర, ఒక ప్రధానోపాధ్యాయుని సంతకము క్రింద నమోదగును. ఆ వస్తువు పొరుగుబడికి పోయి విఱిగినచో జవాబు చెప్పవలసినవాడు సంతకము చేసినవాడే. తనిఖీకి వచ్చిన అధికారి అడుగునది వస్తువు ఉన్నదా యని. ఎందఱు పిల్లలు దానిని ముట్టిరని కాదు. ఇట్టి లెక్క ఉన్నచోట బుద్ధిమంతుడు చేయు పని ఒక్కటే: పెట్టెకు తాళము వేయుట. భూతద్దము చెక్కుచెదరక యుండును. దానితో చీమను చూడవలసిన పిల్లవాడు పెద్దవాడై పోవును. తప్పు ఆ ఉపాధ్యాయునిది కాదు. ఉమ్మడి వస్తువునకు ఒంటి పద్దు వ్రాసిన పద్ధతిది.

ఇంక మేర సంగతి. సముదాయపు ప్రధానోపాధ్యాయునకు తన బడి పనియే తలకు మించినది. పై పల్లెల బడులను చూచుట అదనపు బాధ్యత. చిత్రలేఖనపు ఉపాధ్యాయుడు మూడు ఊళ్ళు తిరుగవలెనన్న బండి ఖర్చు ఎవరిదను ప్రశ్నకు జవాబు దొరకవలెను. జవాబు లేనిచోట ఆయన తన యూరనే యుండిపోవును. కొఠారీ కమిషను సూచన అమలుకాక నిలిచిపోయినదని 2020 నాటి జాతీయ విద్యావిధానమే ఒప్పుకొన్నది.

న్యూయార్కు రైతుల యేర్పాటు

మేరయు లెక్కయు కుదిరినచో పొత్తు నిలుచునా యను సందేహమునకు అమెరికా దేశపు చరిత్రలో కొంత సమాధానము కలదు. అచట బడుల పాలనకు విద్యా జిల్లాలుండును. మన జిల్లాలవలె పెద్దవి కావు. ఒక్కొక్క ఊరికొక విద్యా జిల్లా యుండుటయు కలదు. 1939-40లో ఆ దేశమున 1,17,108 విద్యా జిల్లాలుండెను. అవి క్రమముగా ఒకదానిలో నొకటి కలిసిపోయి నేడు సుమారు 13,000 మిగిలెను. బడి పోయిన ఊళ్ళ దుఃఖము అచటి పల్లెల చరిత్రలో పెద్ద యధ్యాయము.

అయితే న్యూయార్కు రాష్ట్రము 1948లో వేఱొక త్రోవ త్రొక్కెను. చిన్న విద్యా జిల్లాలు తమ బడులను, తమ పాలకమండలిని నిలుపుకొనుచునే, కొన్ని పనులకు మాత్రము కలిసి సహకార విద్యాసేవల మండలిని ఏర్పఱచుకొనవచ్చునని చట్టము చేసెను. వృత్తివిద్య, అంగవైకల్యము గల పిల్లల చదువు మొదలగు పనులను ఒక చిన్న జిల్లా ఒంటిగా నడుపజాలదు. కావున ఆ సేవను మండలి నడుపును; వాడుకొన్న జిల్లాలు వాడుకొన్నమేరకు ఖర్చు భరించును; ఆ ఖర్చులో కొంత భాగమును రాష్ట్రము తిరిగి యిచ్చును. మండలికి సొంతముగా పన్ను వేయు నధికారము లేదు. తాత్కాలికముగా పెట్టిన యీ యేర్పాటు నేటికిని నిలిచియున్నది. అట్టి మండలులు 37 కలవు.

ఆ దేశపు సంపద వేఱు, మన స్థితి వేఱు. కాని ఆ చట్టము చేసినవారు నీరుగంటి సూత్రమునే పాటించిరి. పంచుకొను పనికి మనిషి, ఆ మనిషికి మేర, ఎవరెంత వాడుకొనిరను లెక్క. పొత్తు నిలిచినది స్నేహముచేత మాత్రమే కాదు. లెక్క సరిగా నుండుటచేతను.

పొత్తా, విలీనమా?

2020 జూలై 29వ తేదీన ఆమోదింపబడిన జాతీయ విద్యావిధానము పాఠశాలా సముదాయమును మఱల ముందునకు తెచ్చెను. ఒక ఉన్నత పాఠశాల చుట్టు ఐదు మొదలు పది కిలోమీటర్లలో నున్న బడులను, అంగన్‌వాడీలను ఒక సముదాయముగా చేయవలెనని అది సూచించెను. అందుకు చూపిన లెక్కలు గమనింపదగినవి. 2016-17లో దేశపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో సుమారు 28 శాతము బడులలో 30 మందికన్న తక్కువ పిల్లలుండిరి. ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,08,017. అందులో 85,743 ప్రాథమిక పాఠశాలలే. ఒంటెద్దు బడులు ఇంకను లక్షకుపైగా కలవని దీని యర్థము.

ఈ విధానము వచ్చిన పిదప 2022 జూనులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 117వ సంఖ్య గల ఉత్తర్వు వెలువరించి, పలు ప్రాథమిక పాఠశాలలలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపమునందలి ఉన్నత పాఠశాలలకు తరలించెను. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు చెప్పునని దానిని సమర్థించినవారు పలికిరి. ఎనిమిదేండ్ల పిల్ల రోడ్డు దాటి ఎట్లు పోవునని తల్లులు ప్రశ్నించిరి. పలుచోట్ల ఆందోళనలు జరిగెను. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి, బడుల వర్గీకరణ మఱల మాఱెను.

ఇరుపక్షముల మాటయు వినదగినదే. ఐదు తరగతులను ఒక్క ఉపాధ్యాయుడు ఒకే గదిలో చెప్పుచుండగా చూచినవాడెవడును విషయమునకొక ఉపాధ్యాయుడుండవలెనను కోరికను తప్పుపట్టడు. చంటిబిడ్డ చేయి వదలి దూరపు బడికి పంపవలసివచ్చిన తల్లి భయమును తేలికగా కొట్టివేయుటయు న్యాయము కాదు. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డల ఉచిత విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చినపుడు, దాని నియమములు ఐదవ తరగతివరకు ఒక కిలోమీటరులో బడి యుండవలెననుటకు కారణము ఆ తల్లి భయమే. పిల్లలను తరలించుట యొక మార్గము. ఉపాధ్యాయుని, పుస్తకమును, ప్రయోగ పరికరమును తరలించుట రెండవ మార్గము. మొదటిది ఉత్తర్వుతో ఒక్కనాట జరుగును. రెండవదానికి ఏటేట మేర కొలువవలెను, నెలనెల లెక్క చూడవలెను. కావుననే పాలకులకు మొదటిది సులభముగా తోచును.

గ్రామము చేయదగిన పని

ఈ చరిత్ర చెప్పు నీతి యొక్కటే. పాఠశాలల పొత్తు అను ఆలోచన ఎన్నడును చెడ్డది కాలేదు. ఎవరును దానిని కాదనలేదు. మన్రో దొర కాలమునుండి నేటివరకు అది ఓడినచోట్లనెల్ల మనిషియో, మేరయో, లెక్కయో లోపించెను. ఆ మూడును చట్టముతో గట్టిపడినచోట గ్రంథాలయ సుంకమువలె, న్యూయార్కు మండలివలె కాలమునకు తట్టుకొని నిలిచెను.

మండలమునకు, జిల్లాకు చెందిన పనులు ప్రభుత్వము చేయవలసినవి. సముదాయపు వస్తువును సముదాయపు పేరనే నమోదుచేయు రిజిష్టరు, తిరుగు ఉపాధ్యాయునకు బండి ఖర్చు, విఱిగిన వస్తువును తగవులేక కొట్టివేయు అధికారము: ఈ మూడును పెద్ద ధనముతో కూడినవి కావు. గ్రామస్థులు వీనిని అడుగవలెను.

అడుగుటతోపాటు గ్రామము తాను చేయదగినదియు కొంత కలదు. ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుకొన్న ఊరికి పంచుకొనుట క్రొత్త విద్య కాదు. పుస్తకము ఎవరి చేతికి పోయినది, ఎన్నడు తిరిగి రావలెను, చినిగినచో ఎట్లు బాగుచేయవలెను అను లెక్క ఈ గ్రంథాలయపు చందాదారులు ప్రతిదినము చూచుచున్నదే. చుట్టుపట్ల ఊళ్ళ బడులకు నెలకొక పుస్తకముల పెట్టె పోయి, మఱునెల వేఱొక బడికి మాఱినచో, కొఠారీ కమిషను కోరిన పొత్తులో ఒక పాలు ఇచటనే మొదలగును. ఆ పెట్టెకు ఒక మనిషి, ఆ మనిషికి కొంత మేర, ఆ పెట్టెపై ఒక లెక్క పుస్తకము ఏర్పడినయెడల అది ఎండిపోదు.

రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి తన బీరువాలోని పుస్తకముల సంఖ్యతోపాటు పొరుగూరి బడులకు పోయివచ్చిన పెట్టెల సంఖ్యను కూడ ముద్రించుకొనుగాక.